"మీ ధర్మాగ్రహం అర్థమైంది" అంటే మెచ్చుకున్నట్టా, చురక వేసినట్టా?

కోరమంగళ కుర్రాడు:

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, నాది ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. మా తాతగారిది మదనపల్లె, నాన్న పుట్టి పెరిగింది ఇక్కడే బెంగళూరులో, నేను బడిలో చదివింది కన్నడ. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి కాబట్టి పీయూసీ రోజుల్లో తెలుగు నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్నా. ప్రశ్న మరీ చిన్నపిల్లాడి ప్రశ్నలా ఉంటే నవ్వుకోండి, జవాబు మాత్రం చెప్పండి.

మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. గోంగూర ఏ కొట్లో వచ్చింది, సంక్రాంతికి ఎవరు ఏ బస్సులో వెళ్తున్నారు, ఎక్కువగా ఇవే కబుర్లు. పోయిన నెల మా గేటు దగ్గర రాత్రి కాపలా ఉండే పెద్దాయనకి మూడు నెలలుగా జీతం రాలేదని తెలిసింది. మేమేమో మెయింటెనెన్స్ కడుతూనే ఉన్నాం. అసోసియేషన్ వాళ్ళు ఏజెన్సీకి ఇచ్చేశామంటారు, ఏజెన్సీ వాళ్ళు ఇంకా బిల్లు పాస్ కాలేదంటారు, మధ్యలో ఆయన మా పక్క ఫ్లాట్ వాళ్ళ దగ్గర రెండు వేలు చేబదులు అడిగాడట, అడిగేటప్పుడు తల కూడా ఎత్తలేదట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. రాత్రి పన్నెండింటికి లేచి గ్రూపులో ఇంత పొడుగు మెసేజ్ పెట్టా, కాస్త ఘాటుగానే. క్లబ్ హౌస్‌లో సోఫాలు మార్చడానికి డబ్బులుంటాయి గానీ మనల్ని కాపలా కాసేవాడికి ఇవ్వడానికి ఉండవా అని.

తెల్లారి ఒక అంకుల్ (రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, మంచి మనిషే) ఇలా రాశారు: "బాబూ, మీ ధర్మాగ్రహం అర్థమైంది. కానీ ఈ గ్రూపు ఇందుకు కాదు కదా." దాని కింద నలుగురు దండాలు పెట్టారు.

ఇప్పుడు నా గోల వినండి. కన్నడలో ఆగ్రహ అంటే డిమాండ్. పేపర్లో రోజూ చూసేదే, "పరిహారక్కె రైతర ఆగ్రహ" అని, అంటే పరిహారం ఇవ్వాలని రైతులు పట్టుబడుతున్నారని. ఇక ధర్మం అనే మాట నేను ఎక్కువగా విన్నది మా అమ్మమ్మ వాకిట్లో, "ధర్మం చెయ్యి తల్లీ" అని వచ్చినవాళ్ళకి ఆవిడ చేటలో బియ్యం తెచ్చి వేసేది. రెండూ కలిపి చదివితే నాకు తోచిన అర్థం, "నువ్వు ధర్మం అడుక్కుంటున్నావని అర్థమైంది బాబూ" అని! ఒళ్ళు మండి, "నేనేమీ అడుక్కోవట్లేదు అంకుల్, ఆయన చేసిన పనికి డబ్బులిమ్మంటున్నా" అని రాసి పారేశా. గ్రూపు మొత్తం గప్‌చుప్. మా ఆవిడది తిరుపతి, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ చూసి తల పట్టుకుంది. అది కోపం గురించిన మాట, ఆయన నిన్ను మెచ్చుకున్నాడేమో అంది. ఏమో అంది కాబట్టి మళ్ళీ నాకు అనుమానం.

కాబట్టి అడిగేదేంటంటే, దీని అసలు అర్థం ఏంటి, మామూలుగా మాట్లాడేటప్పుడు ఎవరైనా వాడతారా, నాకు ధర్మాగ్రహం వచ్చింది అని నేనే అనుకోవచ్చా? అంకుల్‌కి సారీ చెప్పాలా వద్దా అన్నది కూడా దీన్ని బట్టే ఉంటుంది.


అరిగిపోయిన చాక్‌పీసు:

బాబూ, మీరు తప్పు చదవలేదు, పక్క భాషలో చదివారు. నేను అనంతపురం జిల్లాలో ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, ఇప్పుడు జయనగరలో మా అబ్బాయి దగ్గర మనవరాలిని పార్కుకి తిప్పుకుంటున్నాను. చాలా రోజులకి ఒక మంచి ప్రశ్న దొరికింది, కొంచెం పొడుగవుతుంది, ఓర్చుకోండి.

ఆగ్రహంలో ఉన్నది గ్రహ్ అనే సంస్కృత ధాతువు. పట్టుకోవడం అని దాని అర్థం. గ్రహణం, సంగ్రహం, నిగ్రహం, అనుగ్రహం, అన్నీ ఆ ఇంటి పిల్లలే. నిగ్రహం అంటే లోపలికి లాగి పట్టుకోవడం, ఆగ్రహం అంటే వదలకుండా గట్టిగా పట్టుకోవడం, అంటే పట్టుబట్టడం. హిందీలో ఆ అర్థమే కాస్త మెత్తబడి గట్టిగా కోరడం అయింది. కన్నడలో మీరు చెప్పినట్టు డిమాండ్. మలయాళంలో అయితే ఆగ్రహం అంటే వట్టి కోరిక. మన దగ్గర మాత్రం అది కోపమై కూర్చుంది. పట్టుబట్టినవాడి మాట చెల్లకపోతే తర్వాత వచ్చేది కోపమే కాబట్టి మరీ దూరం పోలేదనుకోండి.

సత్యాగ్రహంలో మాత్రం పాత అర్థమే మిగిలింది. 1906 సెప్టెంబరు 11న జోహానెస్‌బర్గ్‌లో భారతీయులంతా సభ పెట్టుకుని, తమ మీద తెస్తున్న చట్టానికి లొంగమని ఒట్టు వేసుకున్నారు. ఆ పోరాటానికి మన భాషల్లో పేరు కావాలని గాంధీజీ తన పత్రికలో అడిగితే మగన్‌లాల్ గాంధీ సదాగ్రహం అని సూచించారు, మంచి పనిలో పట్టుదల అని. దాన్నే గాంధీజీ సత్యాగ్రహం అని మార్చుకున్నారు. నా తరగతిలో ఏటా ఒక్కడైనా లేచి, సత్యాగ్రహం అంటే సత్యం మీద కోపమా సార్ అని అడిగేవాడు. నవ్వేవాళ్ళు మిగతా పిల్లలు. నేను నవ్వేవాణ్ణి కాదు, తెలుగు పిల్లవాడికి రావలసిన అనుమానమే అది.

ఇక మీ మాటకి వద్దాం. ధర్మ, ఆగ్రహం కలిస్తే ధర్మాగ్రహం, సవర్ణదీర్ఘ సంధి, అక్కడ పేచీ లేదు. పేచీ సమాసం దగ్గర. ధర్మం కొరకు ఆగ్రహం అని విడదీస్తే చతుర్థీ తత్పురుష. ధర్మంతో కూడిన ఆగ్రహం అంటే తృతీయ. పరీక్షలో ఏది రాసినా మార్కు వేసేవాణ్ణి గానీ రెంటికీ తేడా చాలా ఉంది. మొదటిదాంట్లో కోపానికి కారణం ధర్మం, మనిషి ఎలా అరిచాడన్నది వేరే సంగతి. రెండోదాంట్లో కోప్పడిన తీరు కూడా ధర్మంగా ఉండాలి, అంటే నోరు జారకూడదు, ఒకడి మీది కోపం ఇంకొకడి మీద తీర్చుకోకూడదు. మన పెద్దవాళ్ళు ఈ మాటని రెండో అర్థంలోనే ఎక్కువ గౌరవించారని నాకు అనిపిస్తుంది.

దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ వాల్మీకి రామాయణం మొదట్లోనే ఉంది. గుణవంతుడు ఎవరని నారదుణ్ణి అడిగేటప్పుడు వాల్మీకి ఒకే శ్లోకంలో జితక్రోధుడు ఎవరు అంటాడు, అంటే కోపాన్ని గెలిచినవాడు, మళ్ళీ అదే ఊపిరిలో, యుద్ధంలో రోషం పుడితే దేవతలు కూడా ఎవరికి భయపడతారు అంటాడు. కోపాన్ని గెలిచినవాడికి కోపం రావడమేమిటని అడిగితే, సముద్రం ఒడ్డున ఏం జరిగిందో చూడమంటాను. రాముడు మూడు రాత్రులు దర్భల మీద పడుకుని దారి ఇమ్మని ప్రార్థించి, ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు విల్లు అందుకున్నాడు. మీరు మాత్రం మూడు రాత్రులు ఆగకుండా అదే రాత్రి పన్నెండింటికి అందుకున్నారు, ఆ ఒక్కదానికి అర మార్కు తగ్గిస్తాను.

ఒక చిన్న సంగతి, ఎవరూ ఏమీ అనుకోకపోతే. ఆఘ్రహం అని ఒత్తు పెట్టి రాసేవాళ్ళు ఎక్కువైపోయారు. ఆఘ్రాణించడం అంటే వాసన చూడటం. కోపం వచ్చినప్పుడు ముక్కుపుటాలు అదరడం నిజమే, అయినా గ్ర అనే రాయండి.


మాంబళం కోడలు:

మాస్టారు చెప్పాక నేను చెప్పేది తోక లాంటిది. నేను గుంటూరు నుంచి చెన్నైకి వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఇక్కడ తమిళంలో దీనికి అచ్చంగా ఒక మాట ఉంది, అరచ్చీట్రం. అరం అంటే ధర్మం, చీట్రం అంటే పాము బుసకొట్టినట్టు వచ్చే కోపం. మన మాట కంటే ఇదే నాకు బాగా నచ్చుతుంది, బుస కొడుతుంది గానీ కాటు వేసిందని ఎక్కడా లేదు చూడండి. టీవీ చర్చల్లో, పత్రికల్లో, ఫేస్‌బుక్ పోస్టుల్లో కూడా ధారాళంగా వాడేస్తారు. మలయాళంవాళ్ళు ధార్మిక రోషం అంటారు. మలయాళం ఆగ్రహం సంగతి మాస్టారు చెప్పారు కదా, నేను అనుభవించాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీములో ఒక అమ్మాయి ఫోనులో "ఎనిక్కొరు ఆగ్రహముండ్" అని చాలా మెత్తగా అంటుంటే, ఇంత మెత్తగా ఎవరి మీద కోప్పడుతోందా అని చెవులు రిక్కించి విన్నా. తీరా చూస్తే సముద్రం ఒడ్డున కూర్చుని టీ తాగాలని కోరిక.

కోరమంగళ తమ్ముడూ, నీ ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, నోటి మాటల్లో ఎవరూ వాడరు. వాడితే వెటకారానికే. మా అత్తగారు చాలా తక్కువ మాట్లాడే మనిషి, నేను వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా పెడితే హాల్లోంచి, "అమ్మాయిగారికి ధర్మాగ్రహం వచ్చినట్టుందే" అంటారు. అంతే. ఆ గారు చూశావా, మంట మొత్తం అందులోనే ఉంది. కాబట్టి అంకుల్ ఆ మాట ఎందుకన్నాడన్నది మాటలో దొరకదు, దాని పక్కనున్న మాటల్లో దొరుకుతుంది. అర్థమైంది, కానీ, అన్నారు కదా. నాకైతే ఆ కానీ దగ్గరే ఆయన బండారం బయటపడింది. మనవాళ్ళు ముందు ఒక దండ వేసి తర్వాత కానీ అన్నారంటే, దండ వేసింది నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి లేవనివ్వకుండా ఉండటానికే.

ఇంక నాకు ధర్మాగ్రహం వచ్చింది అని నువ్వే అనడం అంటావా, వద్దు. నేను చాలా వినయం గలవాణ్ణి అన్నట్టుంటుంది. అది వేరేవాళ్ళు అనాలి. మనకి వచ్చినప్పుడు కోపం వచ్చిందనో, ఒళ్ళు మండిందనో చెప్పుకోవాలి, అందులో ధర్మం ఉందో లేదో విన్నవాళ్ళు తేల్చుకుంటారు.


సాయంత్రం సబ్బెడిటరు:

సారీ చెప్పొద్దు బ్రదర్. సోఫాల గురించి చెప్పినందుకైనా చెప్పొద్దు.

నేను బెంగళూరులో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో కొన్నాళ్ళు పనిచేశా, ఇప్పుడు వేరే పని. డెస్కు సంగతులు చెప్తా. ఆగ్రహం మాకు చాలా ఉపయోగపడే మాట, మూడు అక్షరాల్లో అయిపోతుంది, సింగిల్ కాలమ్‌లో పడుతుంది. పడుతుందని ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వం, దానికో లెక్కుంది, ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. కోర్టుకి ఆగ్రహం, అభిమానులకి ఆగ్రహం. ప్రతిపక్షానికి మండిపాటు లేదా ధ్వజం. మంత్రి కింది అధికారుల మీద అరిస్తే ఈ మధ్య ఫైర్. అదే మంత్రి మెల్లగా అరిస్తే అసహనం. ఎండలకి భానుడి కన్నెర్ర. ఊళ్ళో నీళ్ళు రాక ఆడవాళ్ళు బిందెలతో రోడ్డు మీద కూర్చుంటే, ఎప్పుడు చూసినా "ఖాళీ బిందెలతో నిరసన". వాళ్ళకి ధర్మాగ్రహం ఇచ్చిన హెడ్డింగు నా చేతుల మీదుగా ఒక్కటి కూడా పోలేదు, నిజం చెప్తున్నా. ధర్మాగ్రహం ఎడిట్ పేజీ సరుకు. ఎవరైనా పెద్దమనిషి పోయినప్పుడు రాసే వ్యాసంలో వస్తుంది, ఆయన ధర్మాగ్రహం ప్రసిద్ధం అని, అంటే ఆయన అందరి మీదా అరిచేవాడని మర్యాదగా చెప్పడం అన్నమాట. లేదా నాయకులు సభలకి పేరు పెట్టుకుంటారు. వాళ్ళకి వాళ్ళే పెట్టుకుంటారు, అక్కడ అక్క చెప్పిన రూలు చెల్లదు.

కన్నడ పేపర్లో మన ఆగ్రహం చేసే పని ఆక్రోశ చేస్తుంది, "సార్వజనికర ఆక్రోశ" అని వేస్తారు. మన ఆక్రోశం ఏమో గుండెలు బాదుకుని ఏడవడం. కన్నడ ఏజెన్సీ కాపీ తెలుగు చేసేటప్పుడు కొత్త కుర్రాళ్ళు ఈ రెండు మాటల దగ్గరే బొక్కబోర్లా పడేవాళ్ళు. రైతులు వినతిపత్రం ఇచ్చి మర్యాదగా ఇంటికెళ్ళిన వార్తకి "రైతుల ఆగ్రహం" అని హెడ్డింగు పెట్టి ప్రింటుకి పంపిన మహానుభావుడు ఒకడున్నాడు, వాడు ఎవడో చెప్పను, ఇప్పుడు ఇక్కడ టైప్ చేస్తున్నాడు.


కోలారు కొండన్న:

మా పక్క ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. కన్నడలో ధర్మాగ్రహ అని నేనెప్పుడూ వినలేదు, సాత్విక సిట్టు అంటారు. సిట్టు అంటే కోపం. మా నాయన రెండూ కలిపేసి సాత్విక కోపం అనేవాడు. బెల్టు తీసి కొట్టిన తర్వాత అనేవాడు, అది వేరే విషయం.


కోరమంగళ కుర్రాడు:

కొండన్నా, నవ్వలేక చచ్చా 😂

అందరికీ థాంక్స్. మాస్టారూ, అర మార్కు కోత ఒప్పుకున్నా. ఒక డౌటు మిగిలింది. మా ఆవిడ ఇదంతా చదివి ఒక మాట అంది. తన కోసం వస్తే మామూలు కోపం, ఇంకొకరి కోసం వస్తే ధర్మాగ్రహం, అంత సింపులే కదా అని. నాకు రావాల్సిన డబ్బు కాదు కాబట్టి నాది ధర్మాగ్రహం లెక్కలోకి వస్తుందట. (పెళ్ళయిన ఆరేళ్ళకి ఒక మెప్పు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.) ఈ లెక్క సరైనదేనా?


అరిగిపోయిన చాక్‌పీసు:

అమ్మాయి చెప్పింది చాలావరకు సరే. తెలుగులో కోపానికి ఎన్ని మాటలున్నాయో చూడండి, వాటిలో సగం మనకోసం మనం పడేవే. రోషం ఆత్మాభిమానం దెబ్బ తింటే వస్తుంది. ఉక్రోషం ఏమీ చేయలేనప్పుడు, ఓడిపోయినప్పుడు, ఏడుపు కలిసి వస్తుంది. అక్కసులో ఎదుటివాడి బాగు చూడలేకపోవడం ఉంటుంది. అలుక మాత్రం వేరే, బతిమాలేవాళ్ళు ఉన్నారన్న ధైర్యం ఉంటేనే అలుగుతాం, దిక్కులేనివాడు అలగడు. వీటన్నిటికీ మధ్యలో నేను అనే మనిషి ఉంటాడు. ధర్మాగ్రహంలో ఆ నేను పక్కకి జరుగుతాడు. నాకు తెలిసినంతలో తేడా అదే.


బొమ్మనహళ్ళి బేబమ్మ కూతురు:

చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఇక ఆగలేక రాస్తున్నా. మాస్టారూ, మీ మీద గౌరవంతోనే, ఈ లెక్క నాకు నచ్చలేదు.

మా అమ్మ హిందూపురం నుంచి వచ్చి హోసూరు రోడ్డు పక్కన గార్మెంట్స్‌లో పదిహేనేళ్ళు మిషను కుట్టింది. 2016లో పీఎఫ్ రూలు మార్చారు గుర్తుందా, ఉద్యోగం మానేసినా యజమాని వాటా డబ్బు 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదని. గార్మెంట్స్‌లో ఎవరు 58 దాకా కుడతారు, నలభై దాటేసరికే నడుము పోతుంది, కళ్ళు పోతాయి. పిల్ల పెళ్ళికో, ఊళ్ళో అప్పుకో, ఉన్న ఒక్క దిక్కు ఆ డబ్బు. ఏప్రిల్ 18, 19 తేదీల్లో వేలమంది, ఎక్కువ ఆడవాళ్ళే, ఫ్యాక్టరీల్లోంచి బయటికొచ్చి హోసూరు రోడ్డు మీద, అటు పీణ్య దగ్గర తుమకూరు రోడ్డు మీద కూర్చున్నారు. ఏ యూనియన్ నాయకుడూ పిలవలేదు, ఒక ఫ్యాక్టరీ చూసి ఇంకో ఫ్యాక్టరీ. లాఠీలు, టియర్ గ్యాస్, బస్సులు కాలడం, అన్నీ అయ్యాయి, అందులో అన్నీ మంచివే అనట్లేదు నేను. 19వ తేదీ సాయంత్రానికి కేంద్రం ఆ రూలు వెనక్కి తీసుకుంటున్నామని చెప్పింది. దేశంలో పీఎఫ్ ఉన్న అందరు జీతగాళ్ళకీ వర్తించే రూలు అది. ఏసీ ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకి కూడా.

ఇప్పుడు చెప్పండి, మా అమ్మ రోడ్డెక్కింది తన డబ్బు కోసమే. నేను అనే మనిషి మధ్యలోనే ఉంది, ఎక్కడికీ జరగలేదు. జరిగే చోటు ఎక్కడుంది ఆమెకి? అయితే అది ధర్మాగ్రహం కాదా? ఈ లెక్కన కడుపు నిండినవాళ్ళకే ధర్మాగ్రహం వస్తుంది, ఆకలైనవాళ్ళకి వచ్చేది వట్టి కోపం. పేదవాడి కోపం పెదవికి చేటు అని సామెత ఎలాగూ ఉంది కదా, మళ్ళీ ఈ రూలు కూడా ఎందుకు.

అన్నా, నీ మెసేజ్ మంచిదే, నిన్ను తప్పు పట్టట్లేదు. కానీ ఆ గేటు దగ్గర పెద్దాయనే ఆ మెసేజ్ పెట్టి ఉంటే అంకుల్ ఏ మాట వాడేవాడో ఒకసారి అనుకుని చూడు. నోరు లేస్తోంది అనేవాడు, ఒళ్ళు కొవ్వెక్కింది అనేవాడు. అదే విషయం, అదే మూడు నెలల జీతం.

మా అమ్మని ఆ రోజు సంగతి అడిగితే ఆమె వాడే మాట కడుపు మండింది. ధర్మాగ్రహం అని ఆమెకి తెలియదు.


మాంబళం కోడలు:

అమ్మాయీ, ఇందాక నేను రాసింది మళ్ళీ చదువుకున్నా. అది వేరేవాళ్ళు అనాలి అని చాలా సులువుగా అనేశా. అనేవాళ్ళు ఎవరు, ఎవర్ని చూసి అంటారు అన్నది తోచనే లేదు. సబ్బెడిటరు గారు బిందెల నిరసన గురించి చెప్పింది కూడా ఇదేగా.

మా ఇంట్లో పనిచేసే ఆమె పోయినేడు పండక్కి బోనస్ అడిగినప్పుడు కాస్త గట్టిగా అడిగింది. నేను మా ఆయనతో ఏమన్నానో ఇక్కడ రాయను.


అరిగిపోయిన చాక్‌పీసు:

తల్లీ, ఒప్పుకుంటున్నాను. నేను ముప్ఫై ఏళ్ళు చెప్పిన పాఠంలో ఉదాహరణలన్నీ రాజులవి, ఋషులవి. ఆలోచిస్తే నేను తెచ్చిన ఉదాహరణలోనే ఆ రాముడు సముద్రం దాటవలసింది తన భార్య కోసం. అక్కడ నేను అనే మనిషి లేడా? ఉన్నాడు. అయినా మనం దాన్ని వట్టి కోపం అని ఎన్నడూ అనలేదు. నేను ఇందాక చెప్పిన తేడా ఆయనకే సరిపోలేదు, మీ అమ్మగారికి ఎలా సరిపోతుంది.

కొట్టేస్తున్నాను. తనదా పరాయిదా అన్నది కాదు, రావలసినదా కాదా అన్నది చూడాలి. మీ అమ్మగారు అడిగింది రావలసినది. కడుపు మండింది అన్న మాట కూడా ఏం తక్కువది కాదమ్మా, కడుపుమంట అంటే అసూయ అనే అర్థం కూడా జనంలో ఉంది గానీ, కడుపు మండింది అని క్రియగా అంటే మాత్రం అన్యాయం చూసినప్పుడే అంటాం. మంటకి మూలం ఎక్కడుందో చూపించే మాట. ధర్మాగ్రహం తలలోంచి వచ్చినట్టుంటుంది.


సాయంత్రం సబ్బెడిటరు:

మాస్టారు మార్కులు తిరగరాయడం ఫస్ట్ టైమ్ చూస్తున్నా. బేబమ్మగారికి మా నమస్కారాలు చెప్పండి.


కోరమంగళ కుర్రాడు:

రెండు రోజులు ఆగి రాస్తున్నా, అప్‌డేట్ ఇవ్వకపోతే బాగుండదు కదా.

నిన్న లిఫ్టులో అంకుల్ కనిపించారు. నేనే అడిగేశా, అంకుల్ మీరు ఆ మాట ఎందుకు వాడారు, నిజం చెప్పండి అని. ఆయన కాసేపు అంకెల వైపు చూసి, "మెచ్చుకున్నట్టూ ఉండాలి, నువ్వు ఆగినట్టూ ఉండాలి, ఇంకే మాటా తట్టలేదయ్యా" అన్నారు. మాంబళం అక్క చెప్పింది అక్షరాలా అదే. కోపం రాలేదు నాకు, ఆయన చెప్పిన తీరు అలా ఉంది. అడుక్కోవడం గురించి నేను రాసిందానికి మాత్రం సారీ చెప్పా. కన్నడ అర్థం చెప్తే ఆయన ఏడో ఫ్లోర్ దాకా నవ్వుతూనే ఉన్నారు. తర్వాత అసోసియేషన్‌కి కాగితం రాస్తే తనూ సంతకం పెడతానన్నారు.

కాగితం రాశాం. బేబమ్మగారి అమ్మాయి అన్నది మనసులో ఉండి, ముందు ఆ పెద్దాయన్నే అడిగా, మీ పేరు మీద రాయమంటారా, మా పేర్ల మీద రాయమంటారా అని. నా పేరు వద్దు సార్, ఉన్న పని పోతుంది అన్నాడు. కాబట్టి మా పేర్లే, పదిహేడు సంతకాలు. ఒకటి కన్నడలో, ఒకటి ఇంగ్లీషులో. కన్నడ దాని పైన హెడ్డింగు నేనే పెట్టా, "బాకి వేతన పావతిగె ఆగ్రహ", అంటే బాకీ జీతం చెల్లించాలని డిమాండ్. అది చూసి అంకుల్, ఇదేంటయ్యా మళ్ళీ కోపం అన్నారు. ఇది ఆ ఆగ్రహం కాదు అంకుల్ అన్నా. పెన్ను తీసి సంతకం పెడుతూ, రెండూ ఉండనీలే అన్నారు.

రెండు నెలల జీతం పడింది. ఒక నెలది ఇంకా రావాలి.